కాంట్రాక్ట్ గేమ్ స్టూడియోలో పని: లోపల ఏం జరుగుతుంది, చేరేముందు ఏం చూసుకోవాలి

కోట_జంక్షన్
విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఇంజినీరింగ్, మల్టీమీడియా చదివినవాళ్లకు హైదరాబాద్, బెంగళూరు, పుణే గేమ్ స్టూడియోల నుంచి కాల్స్ వస్తున్నాయి. వీటిలో చాలావరకు సొంత గేమ్ చేసేవి కావు, వేరే కంపెనీల గేమ్‌లకు పని చేసిపెట్టేవి. ఆఫర్ లెటర్‌లో 'గేమ్ ఆర్టిస్ట్', 'గేమ్ టెస్టర్' అని ఉంటుంది గానీ రోజూ చేతికి వచ్చే పని ఏమిటో, దాన్ని ఎలా కొలుస్తారో, ఎక్కడ దెబ్బ తింటారో చెప్పేవాళ్లు తక్కువ. ఆ పని తెలిసినవాళ్లు వివరంగా రాయండి. 'కష్టపడితే పైకొస్తారు' లాంటి మాటలు వద్దు. ఫైలు, లెక్క, కాగితం, ఇవి కావాలి.

రాజాం_మెష్
ముందు డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. కాంట్రాక్టులు మూడు రకాలు.

అసెట్‌కి, అంటే గేమ్‌లో వాడే ఒక్కో వస్తువుకి, ఇంత అని ఫిక్స్‌డ్ ప్రైస్ ఒకటి. ఒక కుర్చీకి 4 మ్యాన్‌డేస్ (ఒక మనిషి నాలుగు రోజుల పని) అని కొటేషన్ ఇచ్చారనుకోండి, అది 7 రోజులు పడితే ఆ 3 రోజుల జీతం స్టూడియో జేబులోంచి పోతుంది. అందుకే అక్కడ లీడ్ మీ రోజులు లెక్కపెడతాడు. రెండోది మనిషికి నెలకు ఇంత అని. ఇక్కడ క్లయింట్ మీ సీటుకు డబ్బు కడుతున్నాడు కాబట్టి వేగం ఒత్తిడి కాస్త తక్కువ, కానీ 'ఈ మనిషిని మార్చండి' అనే హక్కు అతనికి ఉంటుంది. మూడోది కో-డెవలప్‌మెంట్, అంటే ఒక లెవెల్ గానీ ఒక ఫీచర్ గానీ మొత్తం అప్పగించడం. మీరు క్లయింట్ జిరాలో (పనుల పట్టిక), క్లయింట్ పెర్ఫోర్స్‌లో (ఫైళ్లు అందరూ పంచుకునే సాఫ్ట్‌వేర్), వాళ్ల రోజువారీ మీటింగ్‌లో ఉంటారు. నేర్చుకోడానికి ఇదే మంచిది.

మన దేశంలో ఈ పని కొత్తది కాదు. బెంగళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ 1997లో మొదలైంది, 2019లో రాక్‌స్టార్ దాన్ని కొనుక్కుంది. 2004లో మొదలైన లక్ష్య డిజిటల్‌ని 2014లో కీవర్డ్స్ స్టూడియోస్ తీసుకుంది. ఇంటర్వ్యూలో 'ఈ ప్రాజెక్ట్ ఏ రకం కాంట్రాక్ట్ మీద నడుస్తోంది?' అని అడగండి. పేరు చెప్పకపోయినా రకం చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు.

పలాస_పిక్సెల్
రాజాం అన్నా, ఆర్టిస్ట్ చేతికి వచ్చే బ్రీఫ్‌లో ఏటి ఉంటాది? కాలేజీలో మాకు 'ఒక తుపాకీ చేసి తీసుకురా' అంటారు, అంతే.

రాజాం_మెష్
తమ్ముడూ, అసలు ఉద్యోగం అక్కడే ఉంది. మంచి బ్రీఫ్‌లో, అంటే ఏం కావాలో క్లయింట్ రాసిచ్చే కాగితంలో, ఉండాల్సినవి: కాన్సెప్ట్ బొమ్మ, రిఫరెన్సులు, సెంటీమీటర్లలో కొలతలు, ట్రయాంగిల్ బడ్జెట్ (మోడల్ ఎన్ని త్రిభుజాలు దాటకూడదో), టెక్స్చర్ (మోడల్ పైన అంటించే బొమ్మ) సైజు, టెక్సెల్ డెన్సిటీ (సెంటీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో), ఎన్ని ఎల్‌ఓడీలు (దూరం నుంచి చూపే తేలిక మోడళ్లు), కొలిజన్ (తగిలితే ఆపే కనపడని హద్దు) ఎవరు చేయాలి, పివట్ (మోడల్ తిరిగే బిందువు) ఎక్కడ, ఫైలు పేర్ల పద్ధతి, ఏ ఇంజిన్ (అన్‌రియల్, యూనిటీ లాంటి గేమ్ సాఫ్ట్‌వేర్), ఏ వెర్షన్. వీటిలో ఒక్కటి లేకపోయినా మొదటి పాలిగాన్ పెట్టకముందే అడగాలి. బ్లాకౌట్‌లో (మొదట చేసే ముతక రూపం) అడిగితే మార్పు పది నిమిషాల పని. బేక్ (వివరాల మోడల్ నుంచి తేలిక మోడల్ టెక్స్చర్‌లోకి వివరాలు దించడం) అయ్యాక తెలిస్తే యూవీ (మోడల్ ఉపరితలాన్ని కోసి చదునుగా పరిచిన పటం), బేక్, టెక్స్చర్ మూడూ మళ్లీ చేయాలి.

పని నడిచే వరుస ఇది. బ్లాకౌట్ చేసి ఇంజిన్‌లో మనిషి బొమ్మ పక్కన నిలబెట్టి స్కేల్ ఓకే చేయించుకోవాలి. తర్వాత హైపాలీ (వివరాలన్నీ ఉన్న మోడల్), లోపాలీ (గేమ్‌లో వాడే తేలిక మోడల్), యూవీ, బేక్, టెక్స్చర్, ఎల్‌ఓడీలు, ఇంజిన్‌లో చెక్, డెలివరీ. చాలా క్లయింట్లు బ్లాకౌట్, హైపాలీ, ఫైనల్ అని మూడు చోట్ల గేటు పెడతారు. గేటు దాటకుండా ముందుకు పోతే ఆ పని మీ లెక్కలో పడదు.

తిరిగి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే:

నార్మల్ మ్యాప్ (ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపే టెక్స్చర్) గ్రీన్ ఛానెల్ తిరగబడడం. అన్‌రియల్‌కి డైరెక్ట్‌ఎక్స్ పద్ధతి, యూనిటీకీ బ్లెండర్‌కీ ఓపెన్‌జీఎల్ పద్ధతి. తప్పు పెడితే గాడి ఉన్నచోట ఉబ్బు కనిపిస్తుంది. పై నుంచి లైటు వేసి ఒక మరమేకు తల చూస్తే చాలు, తెలిసిపోతుంది.

హార్డ్ ఎడ్జ్ (పదునుగా కనిపించే అంచు) పెట్టిన చోట యూవీ కోయకపోవడం. బేక్‌లో ఆ అంచు వెంట నల్లగీత వస్తుంది. హార్డ్ ఎడ్జ్ ఉన్న ప్రతిచోటా యూవీ తెగాలి. యూవీ తెగిన ప్రతిచోటా హార్డ్ ఎడ్జ్ అక్కర్లేదు.

ప్యాడింగ్ (యూవీ ముక్కల మధ్య వదిలే ఖాళీ) చాలకపోవడం. 1కె (1,024 పిక్సెళ్ల) షీట్‌కి 8, 2కె (2,048) షీట్‌కి 16 పిక్సెళ్లు వదలండి. తక్కువ వదిలితే దగ్గర్నుంచి బాగానే ఉంటుంది, దూరం వెళ్లినకొద్దీ మిప్‌మ్యాప్ (దూరానికి వాడే టెక్స్చర్ చిన్న నకలు) చిన్నదై పక్క ఐలాండ్ (యూవీ ముక్క) రంగు సీమ్ (కోత గీత) మీదకి పాకుతుంది. ఆర్టిస్ట్ తన స్క్రీన్ మీద దగ్గర్నుంచే చూస్తాడు కాబట్టి పట్టుకోలేడు.

మాస్క్ టెక్స్చర్‌కి ఎస్‌ఆర్‌జీబీ (రంగు బొమ్మలకు వాడే సెట్టింగ్) ఆన్‌లో ఉండిపోవడం. ఓఆర్‌ఎం ప్యాక్‌లో అక్లూజన్ (మూలల్లో పడే నీడ) రెడ్‌లో, రఫ్‌నెస్ (గరుకుదనం) గ్రీన్‌లో, మెటాలిక్ (లోహమా కాదా) బ్లూలో ఉంటాయి. అవి రంగులు కావు, లెక్కలు. అన్‌రియల్‌లో ఇంపోర్ట్ చేశాక ఎస్‌ఆర్‌జీబీ టిక్ తీయకపోతే రఫ్‌నెస్ విలువలన్నీ తగ్గిపోయి వస్తువంతా తడిసినట్టు మెరుస్తుంది.

యూనిట్లు. అన్‌రియల్‌లో 1 యూనిట్ అంటే 1 సెంటీమీటర్, యూనిటీలో 1 మీటర్. వంద రెట్ల తేడా.

చీపురుపల్లి_లెక్కలు
ప్రొడక్షన్ వైపు నుంచి ఒక మాట. కొత్తవాళ్లను వెనక్కి లాగేది చేతి నైపుణ్యం కన్నా టైమ్ జోన్. అమెరికా పశ్చిమ తీరం మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. సోమవారం ఉదయం 10కి మీరు సందేహం పంపితే వాళ్లకి ఆదివారం రాత్రి. వాళ్లు సోమవారం ఆఫీసుకు వచ్చి జవాబు రాసేసరికి మనకు రాత్రి, మీరు చదివేది మంగళవారం. అంటే ఒక ప్రశ్నకు ఒక రోజు. మూడు ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి అడిగితే మూడు రోజులు.

కాబట్టి సందేహాలన్నీ సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు ఒకే సందేశంలో వెళ్లాలి. ప్రతి ప్రశ్నకూ స్క్రీన్‌షాట్, రెండు ప్రత్యామ్నాయాలు, 'జవాబు రాకపోతే రెండోదానితో ముందుకు వెళ్తాం' అన్న వాక్యం ఉండాలి. ఆ చివరి వాక్యం లేకపోతే పని ఆగుతుంది. ఉంటే ఆగదు, రేపు తేడా వచ్చినా కాగితం మన వైపు ఉంటుంది. లండన్ క్లయింట్ అయితే నాలుగున్నర లేదా ఐదున్నర గంటలే తేడా, మధ్యాహ్నం నుంచి నేరుగా మాట్లాడుకోవచ్చు.

ఫీడ్‌బ్యాక్ రౌండ్లు కూడా కాంట్రాక్ట్‌లో రాసుంటాయి, మామూలుగా రెండో మూడో. బ్రీఫ్‌లో ఉన్నది చేయకపోతే అది మన రివర్క్. బ్రీఫ్‌లో లేనిది కొత్తగా అడిగితే అది స్కోప్ మార్పు, దానికి వేరే డబ్బు. ఈ రెంటినీ విడదీసి ట్రాకర్‌లో రాసే ఆర్టిస్ట్ ఉంటే ప్రొడ్యూసర్ ప్రాణం లేచొస్తుంది. 'కామెంట్ 4: బ్రీఫ్‌లో తుప్పు లేదు, కొత్త కోరిక' అని ఒక్క లైన్ చాలు.

ఆమదాలవలస_బిల్డ్
ఇంజినీర్లకు వచ్చే పనిలో పోర్టింగ్ ఎక్కువ. పీసీ మీద ఆడుతున్న గేమ్‌ని కన్సోల్‌కో ఫోన్‌కో తేవడం. లెక్క చాలా కఠినం. 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.6. మొదటి తరం నింటెండో స్విచ్‌లో మొత్తం మెమరీ 4 జీబీ, అందులోనే సిస్టమ్ వాటా కూడా పోవాలి. 16 జీబీ పీసీ మీద పుట్టిన గేమ్‌ని అక్కడ కూర్చోబెట్టాలి.

పద్ధతి ఏటంటే, ముందు ఎలాగోలా కంపైల్ అయి టైటిల్ స్క్రీన్ రావాలి. తర్వాత గేమ్‌లో అన్నింటికన్నా బరువైన చోటు వెతికి, అక్కడే నిలబడి కొలవాలి. రిజల్యూషన్ సగం చేసి చూడండి. ఫ్రేమ్ టైమ్ తగ్గితే జీపీయూ వైపు ఇరుకు, తగ్గకపోతే సీపీయూ వైపు. ఇది తేలకుండా షేడర్లు (వెలుగు, రంగు లెక్కగట్టే కోడ్) కొట్టేయడం మొదలుపెడితే బొమ్మ పాడవుతుంది, వేగం పెరగదు. ఫోన్ అయితే అరగంట ఆడించాక కొలవండి. వేడెక్కాక చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది, మొదటి ఐదు నిమిషాల అంకెలకు విలువ లేదు.

ఎక్కువగా బెడిసేది ఎక్కడంటే, క్లయింట్ అసలు గేమ్‌ని ఇంకా మారుస్తూనే ఉంటాడు. వాళ్ల మెయిన్ బ్రాంచ్ (కోడ్ అసలు ప్రతి) ఒక దిక్కు, మన పోర్ట్ బ్రాంచ్ ఒక దిక్కు. వారానికి ఒకసారైనా వాళ్ల మార్పులను మన బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసుకోకపోతే నెల తర్వాత ఆ మెర్జ్ ఒక్కటే పెద్ద ప్రాజెక్ట్ అయి కూర్చుంటుంది. మన మార్పులన్నీ ప్లాట్‌ఫామ్ మాక్రోల (ఫలానా యంత్రానికే పనిచేసేలా కోడ్‌లో పెట్టే గుర్తులు) లోపలే ఉండాలి, వాళ్ల కోడ్ మధ్యలో చెల్లాచెదురుగా కాదు.

పలాస_పిక్సెల్
టెస్టింగ్‌లో చేరమని కొందరు, వద్దని కొందరు అంటన్నారు. టెస్టర్‌గా చేరితే అక్కడే ఉండిపోతారంట కదా?

నాగావళి_క్యూఏ
బాబూ, ఆ మాట అన్నవాళ్లు టెస్టింగ్ అంటే గేమ్ ఆడడం అనుకుని ఉంటారు. పని ఇది: ఉదయం కొత్త బిల్డ్ వస్తుంది, స్మోక్ టెస్ట్ చేస్తారు. అంటే ఇన్‌స్టాల్ అవుతోందా, మొదలవుతోందా, సేవ్ అవుతోందా, మొదటి లెవెల్ దాటుతోందా. అది పాసైతే ఆ రోజు టెస్ట్ కేసులు, పాత బగ్గుల రీటెస్టు. ఒకే తలుపును ఎనిమిది రకాల ఆయుధాలు పట్టుకుని తెరవడం లాంటివి కేసులుగా రాసుంటాయి. ఓపిక కావాలి.

బగ్ రిపోర్ట్ రాయడమే నైపుణ్యం. 'పడవ దగ్గర గేమ్ ఆగిపోతోంది' అని రాస్తే డెవలపర్ తిప్పి పంపుతాడు. ఇలా రాయాలి:

శీర్షిక: రేవు లెవెల్ – పడవ ఎక్కుతుండగా పాజ్ నొక్కితే గేమ్ క్రాష్.
బిల్డ్ నంబర్, ప్లాట్‌ఫామ్, భాష.
స్టెప్పులు: 1. రేవు చెక్‌పాయింట్ లోడ్ చేయండి. 2. పడవ దగ్గర ఎక్కే బటన్ నొక్కండి. 3. ఎక్కే యానిమేషన్ పూర్తికాకముందే పాజ్ నొక్కండి.
జరిగింది: క్రాష్. జరగాల్సింది: పాజ్ మెనూ రావాలి.
ఎన్నిసార్లకు ఎన్నిసార్లు: 10కి 7.
జతచేసినవి: వీడియో, లాగ్, క్రాష్ డంప్.

'10కి 7' అన్న అంకె చాలా విలువైనది. 10కి 10 అయితే మామూలుగా లాజిక్ తప్పు. 10కి 2 అయితే టైమింగో మెమరీయో అని డెవలపర్‌కి వెంటనే దారి దొరుకుతుంది. సివియారిటీ (బగ్ ఎంత తీవ్రమో), ప్రయారిటీ (ఎంత త్వరగా సరిచేయాలో) కలపకండి. క్రెడిట్స్ చివర్లో ఎవరూ వెళ్లని చోట క్రాష్ అయితే సివియారిటీ ఎక్కువ, ప్రయారిటీ తక్కువ కావచ్చు. టైటిల్ స్క్రీన్ మీద గేమ్ పేరు తప్పు పడితే దానికి తలకిందులు.

ముందుకు వెళ్లే దారి సర్టిఫికేషన్ టెస్టింగ్, అంటే కన్సోల్ కంపెనీల నియమాల ప్రకారం గేమ్ ఉందా అని చూడడం. సోనీ వాళ్ల టీఆర్‌సీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ఆర్, నింటెండో లాట్‌చెక్. గేమ్ ఎంత బాగున్నా ఇవి దాటకపోతే కన్సోల్ మీద విడుదల కాదు. మళ్లీ మళ్లీ ఫెయిలయ్యే చోట్లు: కంట్రోలర్ బ్యాటరీ అయిపోయినప్పుడు గేమ్ పాజ్ కాకపోవడం, స్లీప్‌లో పెట్టి లేపితే నెట్ తిరిగి కలవకపోవడం, డిస్క్ నిండిపోతే సేవ్ విఫలమైందని చెప్పకపోవడం, మధ్యలో యూజర్ సైనౌట్ అయితే వేరేవాళ్ల సేవ్ మీద రాసేయడం. వీటిని బాగా తెలుసుకున్న మనిషిని స్టూడియో వదులుకోదు. స్క్రిప్టింగ్ నేర్చుకుంటే ఆటోమేషన్ వైపు, షెడ్యూల్ పట్టుంటే ప్రొడక్షన్ వైపు పోవచ్చు.

జాగ్రత్త పడాల్సింది ఒప్పందం కాలం. టెస్టర్లను ప్రాజెక్ట్ వరకే తీసుకునే పద్ధతి ఎక్కువ. మూడు నెలలా, ఆరు నెలలా, తర్వాత ఏమిటి, నైట్ షిఫ్ట్ ఉంటే దింపే క్యాబ్ ఉందా, ఇవి ముందే రాతలో తీసుకోండి. ఆడపిల్లలు ఈ చివరి సంగతి అస్సలు వదలొద్దు.

కోట_జంక్షన్
అక్కా, చాలా ఉపయోగపడింది. ఇప్పుడు ఆఫర్ కాగితాల గురించి ఎవరైనా చెప్పండి. సీటీసీ (కంపెనీకి మన మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) చూసి చేరిపోతున్నారు, చేతికి వచ్చేది చూసి డీలా పడుతున్నారు.

చీపురుపల్లి_లెక్కలు
లెక్క వేసి చూపిస్తా. సీటీసీ 3,60,000 అన్నారు, అంటే నెలకు 30,000. బేసిక్ సగం, 15,000. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 1,800. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 722. ఈ రెండూ మీ సీటీసీలోంచే పోతాయి, మిగిలింది 27,478. అందులోంచి మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, హైదరాబాద్‌లో వృత్తి పన్ను 200. చేతికి 25,478. 'వేరియబుల్ పే' అని సీటీసీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. అది ఎప్పుడు, దేని మీద ఇస్తారో రాసుండాలి.

ఇంకో రకం ఆఫర్ ఉంది. ఉద్యోగి అనరు, 'కన్సల్టెంట్' అంటారు. నెలకు 25,000 ప్రొఫెషనల్ ఫీజు, 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని 22,500 ఇస్తారు. పీఎఫ్ లేదు, సెలవు లేదు, గ్రాట్యుటీ లేదు. ఏడాదికి మూడు లక్షలే కాబట్టి వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు, రిటర్న్ వేస్తే పట్టుకున్న 30,000 వెనక్కి వస్తుంది. కానీ వేయాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ టీడీఎస్ మీ పేరున నిజంగా జమైందా అని మూడు నెలలకోసారి చూసుకోండి. పట్టుకుని కట్టని చోట్లు ఉంటాయి.

బాండ్ గురించి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెంటనే తీసుకోండి. కంపెనీ వదిలేశాక ఫలానా చోట పని చేయకూడదు అన్న షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఇంతకాలం ఉంటానని, లేకపోతే ట్రైనింగ్ ఖర్చు కడతానని రాసిచ్చే బాండ్ అలా కాదు, న్యాయమైన మొత్తమైతే కోర్టులు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. ఊరికే బెదిరింపు అనుకుని సంతకం చేయకండి. ఉద్యోగం ఇవ్వడానికి ముందే 'రిజిస్ట్రేషన్', 'డిపాజిట్' అని డబ్బు అడిగితే అక్కడితో వదిలేయండి.

రాజాం_మెష్
దీనికి తోడు ఆర్ట్ టెస్ట్. మూడు నుంచి ఏడు రోజుల గడువుతో ఒక చిన్న వస్తువు ఇస్తారు, డబ్బు ఇవ్వరు. అది మామూలే. ఒక మొత్తం పాత్ర, ఒక మొత్తం గది అడిగితే మాత్రం 'ఒక భాగమే చేసి ఇస్తాను' అని మర్యాదగా రాయండి. చూసేవాళ్లు ముందు బ్యూటీ రెండర్ చూడరు. వైర్‌ఫ్రేమ్, యూవీ లేఔట్, ఫైలు పేర్లు, అడిగిన ట్రై కౌంట్ (ట్రయాంగిల్స్ సంఖ్య) దాటిందా లేదా, ఇవి చూస్తారు. 5,000 అడిగితే 4,900 తెచ్చినవాడు ముందుకు పోతాడు. 9,000తో ఎంత అందంగా తెచ్చినా బ్రీఫ్ చదవలేదనే అర్థం.

పలాస_పిక్సెల్
చేసిన పని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా? రెండేళ్లు పని చేసి చూపించడానికి ఏమీ లేదంటే ఎలగన్నా?

రాజాం_మెష్
ఎన్‌డీఏలో (రహస్యం బయటపెట్టనని చేసే ఒప్పందం) ఏముంటే అది. మామూలుగా గేమ్ విడుదలయ్యేదాకా పేరు కూడా అనకూడదు. విడుదలయ్యాక కూడా క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పెట్టాలి. స్టూడియో ద్వారా అడిగించండి, విడుదలైన వారంలోనే అడిగించండి. ఆర్నెల్లు పోతే అవతల ఆ మనిషే మారిపోతాడు. రెజ్యూమెలో 'పేరు ప్రకటించని ఓపెన్ వరల్డ్ ప్రాజెక్ట్, ఎన్విరాన్‌మెంట్ ప్రాప్స్, అన్‌రియల్ 5' అని రాసుకోవచ్చు. సోర్స్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తేవడం, సొంత డ్రైవ్‌లో పెట్టడం ఎంత మాత్రం చేయొద్దు. ఒక్క లీకైన స్క్రీన్‌షాట్‌తో స్టూడియోకే ఆ క్లయింట్ పోతాడు, నలభైమంది కూర్చునే పని పోతుంది.

క్రెడిట్స్ విషయం ఇంకా బాధ. చాలా గేమ్‌లలో బయటి స్టూడియో పేరు ఒక్క లైన్ వేసి ఊరుకుంటారు, మనుషుల పేర్లు ఉండవు. ఇది కాంట్రాక్ట్ రాసేటప్పుడు అడగాల్సిన సంగతి, చివర్లో బతిమాలుకునేది కాదు. ఇంటర్వ్యూలో 'మీ వాళ్ల పేర్లు క్రెడిట్స్‌లో వచ్చాయా?' అని అడగండి. పేర్లు వేయించుకునే స్టూడియో మనుషుల్ని పట్టించుకునే స్టూడియో.

ఏఐ బొమ్మల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. చాలా కాంట్రాక్టుల్లో క్లయింట్ అనుమతి లేకుండా జనరేటివ్ టూల్స్ వాడొద్దని ఉంటుంది. 2024 జనవరి నుంచి స్టీమ్ (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కూడా గేమ్‌లో ఏఐతో చేసినవి ఉంటే చెప్పమంటోంది. టెక్స్చర్‌లో చిన్న పోస్టర్ కోసం వాడినా ముందు లీడ్‌ని అడగాలి.

ఆమదాలవలస_బిల్డ్
ఇంటి నుంచి పని గురించి ఎవరూ అనలేదు. డెవ్‌కిట్లు (గేమ్ తయారీకి కన్సోల్ కంపెనీలు ఇచ్చే ప్రత్యేక యంత్రాలు) చాలాచోట్ల తాళం వేసిన గదిలో, అనుమతించిన నెట్‌వర్క్ మీదే ఉండాలి, కాబట్టి కన్సోల్ పని మామూలుగా ఊళ్లోంచి జరగదు. ఆర్ట్, యూఐ, కొంత కోడ్ జరుగుతాయి.

200 జీబీ డిపో (ప్రాజెక్ట్ ఫైళ్ల నిల్వ) మొదటిసారి సింక్ చేయాలంటే 100 ఎంబీపీఎస్ లైన్ మీద, మధ్యలో ఏ ఆటంకం లేకపోతే, నాలుగున్నర గంటలు. ఆఫీసులో ఉండగానే డిస్క్‌లోకి తెచ్చుకుని, వర్క్‌స్పేస్ మ్యాపింగ్‌లో మీ ఫోల్డర్లే ఉంచుకోండి. బైనరీ ఫైళ్లు చాలాచోట్ల ఒకరు చెకౌట్ చేస్తే (తన పేరు మీద తీసుకుంటే) ఇంకొకరు తాకలేని పద్ధతిలో ఉంటాయి. లెవెల్ ఫైలు మీ దగ్గర చెకౌట్‌లో ఉండగా కరెంటు పోయి నెట్ పోతే హైదరాబాద్‌లో పదిమంది ఆగిపోతారు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజు చేతిలో ఉన్నదంతా షెల్వ్ చేసి (సర్వర్‌లో దాచి), రివర్ట్ చేసి (మీ దగ్గరి మార్పు వెనక్కి తీసి), తాళం వదిలేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పలాస, ఉద్దానం వైపు కరెంటు రోజుల తరబడి రాలేదు. మన తీరానికి అక్టోబరు, నవంబరు అలాంటి నెలలే.

యూపీఎస్ 600 వీఏ అని కొంటారు. అది సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న డెస్క్‌టాప్ బేక్ చేసేటప్పుడు దాన్ని దాటేస్తుంది, కరెంటు పోగానే యూపీఎస్ కూడా ఆరిపోతుంది. 1000 వీఏ పైన చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో మారే సమయం ఎక్కువ, పీసీ రీస్టార్ట్ అయిపోతుంది.

చీపురుపల్లి_లెక్కలు
సెలవుల లెక్క కూడా రాయాలి, మనవాళ్లకు ఇది ప్రాణం. క్లయింట్ స్టూడియోలు క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా మూతపడతాయి. అందుకని మైలురాళ్లన్నీ డిసెంబరు మధ్యకు తోసేస్తారు, ఆ రెండు వారాలు రాత్రిళ్లు తప్పవు. వాళ్లు జనవరిలో తిరిగొచ్చి ఒకేసారి ఫీడ్‌బ్యాక్ కుమ్మరిస్తారు. అది సరిగ్గా మన సంక్రాంతి వారంలో వచ్చి పడుతుంది. నవంబరు మొదట్లోనే సెలవు రాతలో తీసుకోండి, షెడ్యూల్‌లో మీ పేరు ఎదురుగా ఆ రోజులు ఖాళీ అని పడాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి విశాఖ ఎక్స్‌ప్రెస్‌కైనా ప్రశాంతికైనా నవంబరు రెండో వారంలో చూసుకోవాలి. పైడితల్లమ్మ సిరిమాను రోజు హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల క్యాలెండర్‌లో ఉండదు, దానికీ సొంత సెలవు దాచుకోవాలి.

రాత్రిళ్లు చేసిన పనికి బదులు సెలవు ఇస్తామంటే మెయిల్‌లో రాయించుకోండి. నెల లెక్క కాంట్రాక్ట్ అయితే అదనపు గంటలకు క్లయింట్ డబ్బు కట్టే వీలుంది. ఫిక్స్‌డ్ ప్రైస్‌లో కట్టడు.

ఇంకొకటి, మైలురాయి అంగీకరించాక 30, 45, 60 రోజులకు స్టూడియోకి డబ్బు వస్తుంది. ఒకే క్లయింట్ మీద నడిచే స్టూడియోలో ఆ ఒక్కడు ప్రాజెక్ట్ ఆపితే స్టూడియో మొత్తం బెంచ్ మీదకి (పని లేకుండా కూర్చునే స్థితికి) వస్తుంది. 2025 ఆగస్టులో డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చాక రమ్మీ, పేకాట గేమ్‌ల మీదే బతికే చోట్లకు పని పోయే పరిస్థితి వచ్చింది. ఎంతమంది క్లయింట్లు, ఎన్ని ప్రాజెక్టులు నడుస్తున్నాయి అని అడగడం తప్పేమీ కాదు.

కోట_జంక్షన్
ఇంటి దగ్గరే ప్రాక్టీస్ చేసుకోడానికి ఒక నమూనా బ్రీఫ్ ఎవరైనా ఇవ్వండి. ప్రతివాడూ తుపాకీలే చేస్తున్నారు.

రాజాం_మెష్
రెండిస్తాను. బ్లెండర్ చాలు, 16 జీబీ ర్యామ్ ఉంటే హాయి.

ఒకటి, బొబ్బిలి వీణ. పొడవు 130 సెంటీమీటర్లు, 6,000 ట్రయాంగిల్స్, ఒక 2కె సెట్, సెంటీమీటరుకు 10.24 పిక్సెళ్లు, డైరెక్ట్‌ఎక్స్ నార్మల్, ఓఆర్‌ఎం ప్యాక్, మూడు ఎల్‌ఓడీలు ఒక్కోటి ముందుదానిలో సగం, పివట్ కుండ కింద. ఐదు రోజులు.

రెండోది, సముద్రం మీదకి వెళ్లే చేపల పడవ. పొడవు 8 మీటర్లు, లోపలా బయటా కనిపించాలి, 8,000 ట్రయాంగిల్స్, ఒక 2కె సెట్, సెంటీమీటరుకు 5.12 పిక్సెళ్లు. ఆరు రోజులు. మొదలుపెట్టే ముందు క్లయింట్‌ని ఏం అడగాలో ఇక్కడ రాయండి.

పలాస_పిక్సెల్
వీణ చూశానన్నా. 130 సెంటీమీటర్లంటే 1,331 పిక్సెళ్లు, 2కె షీట్‌లో నిలువుగా పడతాది. మెట్లు 24 ఉన్నాయి, ఒకటే మోడల్ చేసి కాపీ కొడితే యూవీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. బేక్‌లో పాడవదా?

రాజాం_మెష్
పాడవుతుంది. ఒక్క మెట్టు యూవీ మాత్రం లోపల ఉంచి మిగతా 23టినీ సరిగ్గా 1 యూనిట్ పక్కకు జరిపి బేక్ చెయ్యి. టెక్స్చర్ ఎలాగూ రిపీట్ అవుతుంది కాబట్టి కనిపించడం ఒకేలా ఉంటుంది. అయితే అన్ని మెట్లకూ ఒకే నీడ పడుతుంది, అందుకని అక్లూజన్ బేక్ చేసేటప్పుడు పక్క మెట్లు తగలకుండా చూసుకో. తీగలు ఏడూ దూరం నుంచి మినుకుమంటాయి, రెండో ఎల్‌ఓడీలో మూడు తాళం తీగల్ని తీసెయ్. పడవ సంగతి?

పలాస_పిక్సెల్
పడవ 8 మీటర్లు, మీటరుకు 512, అంటే 4,096 పిక్సెళ్లు. షీటే 2,048. ముక్కలు కోసి పెట్టినా, 2కె లో ఈ డెన్సిటీకి పట్టేది 16 చదరపు మీటర్లు, ప్యాకింగ్‌లో పోగా 11, 12. పడవ బయట ఒక్కటే సుమారు 20 ఉంటాది, లోపల ఇంకో 20. ఎడమ, కుడి మిర్రర్ చేసినా 20 దగ్గర ఆగతాది. పట్టదు.

రాజాం_మెష్
సరిగ్గా పట్టుకున్నావు. అంటే ఈ బ్రీఫ్‌లో రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇలాంటివి నిజం బ్రీఫుల్లో తరచూ వస్తాయి. మోడల్ మొదలుపెట్టకుండా క్లయింట్‌కి పంపాల్సింది ఇది: 'ఇచ్చిన డెన్సిటీకి ఒక 2కె చాలదు. మొదటి దారి, చెక్కపలకలకు టైలింగ్ మెటీరియల్ వేసి, పేరు, రంగు పట్టీలు, ఉప్పు మరకలు డెకాల్స్‌గా వేస్తాం. రెండో దారి, డెన్సిటీ 2.56కి తగ్గించి మిర్రర్ చేసి ఒకే 2కె లో పెడతాం, దగ్గర్నుంచి మసకగా ఉంటుంది. ఆటగాడు పడవ ఎక్కుతాడా, ఒడ్డున దూరంగా చూస్తాడా? గురువారం లోపు జవాబు లేకపోతే మొదటి దారిలో వెళ్తాం.' టైలింగ్ అంటే పదేపదే పరిచే టెక్స్చర్, డెకాల్ అంటే పైన అంటించే స్టిక్కర్ లాంటిది. లెక్కను ఒక స్క్రీన్‌షాట్‌గా జత చెయ్యి. ముందు బ్లాకౌట్, ట్రిమ్ షీట్ (పట్టీలన్నీ ఒకచోట పెట్టిన టెక్స్చర్) లేఔట్ ఇక్కడ పెట్టు, మిగతావాళ్లు కూడా చూస్తారు.

నాగావళి_క్యూఏ
దానికి 'ఎల్‌ఓడీ ఎన్ని, కొలిజన్ ఎవరిది' అన్నవి కూడా కలుపు బాబూ, పడవ బ్రీఫ్‌లో ఆ రెండూ లేవు. పడవల మీద నిలబడితే కాలు చెక్కలోకి దిగిపోయే బగ్గులు చాలావరకు కొలిజన్ ఎవరూ సరిగ్గా చేయకపోవడం వల్లే వస్తాయి.